‘వగైరా’లో కలిసిపోయిన పేర్లు: పట్టా మార్పిడి చరిత్ర, దళితుల భూమి

దళితుల భూమి గురించి రాసినప్పుడల్లా మనం రెండు ప్రశ్నలే అడుగుతూ వచ్చాం. భూమి వచ్చిందా లేదా? వచ్చిన భూమిని ఎవరు గుంజుకున్నరు? మొదటి ప్రశ్నకు జవాబుగా భూపంపిణీ లెక్కలు, కమిటీ రిపోర్టులు ఉన్నయి. రెండో ప్రశ్నకు జవాబుగా దౌర్జన్యాల చరిత్ర ఉన్నది. ఈ రెండింటి నడుమ ఇంకో ప్రశ్న ఉంది. అది పెద్దగా ఎవరూ అడగనిది. పట్టా పొందిన మనిషి చచ్చిపోయిన తర్వాత ఆ పట్టా ఏమైంది?

వాడల్లో ఎవరిని కదిలించినా ఒక మాట వినబడుతుంది: ‘పట్టా ఇంకా తాత పేరు మీదనే ఉన్నది.’ తాత పోయి ముప్ఫై, నలభై ఏండ్లయి ఉంటుంది. తండ్రి కూడా పోయి ఉంటడు. భూమి దున్నేది మనుమడు. కాగితం మీద దున్నుతున్నది మాత్రం చచ్చిపోయిన మనిషి. ఆ కాగితంలో తాత పేరు పక్కన ‘వగైరా’ అనే మాట ఉంటే సంగతి మరింత చిక్కుపడుతుంది. ఆ ఒక్క మాట కింద ఎంతమంది అన్నదమ్ములు, ఎంతమంది పాలివాళ్లు, ఎంతమంది ఆడబిడ్డలు ఉన్నరో రికార్డు చెప్పదు.

మేము ఈ వ్యాసంలో చెప్పదలచింది ఇదీ. దళితుల భూమి అమ్మకం ద్వారానో, దౌర్జన్యం ద్వారానో మాత్రమే పోలేదు. ఒక చావుకూ దాని తర్వాత జరగాల్సిన నమోదుకూ మధ్య ఉన్న ఖాళీలోంచి కూడా జారిపోయింది. తెలంగాణలో దాన్ని విరాసత్ అన్నరు, ఫౌతి అన్నరు. ఆంధ్రలో పట్టా మార్పిడి అన్నరు. ఇప్పుడు అందరూ మ్యుటేషన్ అంటున్నరు. పేరు ఏదైనా ఆ పని చేసే కలం ఎవరి చేతిలో ఉండింది, ఎవరి చావు కాగితం మీదికి ఎక్కింది, ఎవరిది ఎక్కలేదు అన్నదే చరిత్ర.

1. శిస్తు కోసం పుట్టిన పేరు

రెవెన్యూ రికార్డు హక్కుదారుడిని గుర్తించడానికి పుట్టలేదు. శిస్తు ఎవరి దగ్గర వసూలు చేయాలో తెలుసుకోవడానికి పుట్టింది. మద్రాసు ప్రెసిడెన్సీలో పట్టా మార్పిడి వ్యవహారమంతా రెవెన్యూ బోర్డు స్టాండింగ్ ఆర్డర్లలో 31వ నంబరు కింద నడిచింది. నిజాం రాజ్యంలో 1317 ఫసలీ నాటి, అంటే 1907 నాటి భూమి శిస్తు చట్టం కింద నడిచింది. రెండు చోట్లా సర్కారు ఉద్దేశం ఒక్కటే. సర్వే నంబరుకు ఎదురుగా ఒక పేరు ఉండాలె, ఆ పేరు పట్టుకుంటే పైసలు రావాలె. ఆ మనిషి వెనుక ఎంతమంది వాటాదారులున్నరన్నది సర్కారుకు అక్కరలేని సంగతి.

అందుకే ‘వగైరా’ పుట్టింది. ఉమ్మడి కుటుంబంలో ఇంటి పెద్ద పేరు రాసి, మిగతావాళ్లను ఆ ఒక్క మాటలో చుట్టేసిండ్రు. అగ్రకులాల ఇండ్లల్లో దీంతో పెద్ద నష్టం రాలేదు. వాళ్లకు ఇంట్లో పంపకాల దస్తావేజులు ఉన్నయి, వకీళ్లున్నరు, రాసే పట్వారీ తరచుగా చుట్టమో స్నేహితుడో అయి ఉంటడు. కాబట్టి వాళ్ల వాటాలు వేరే కాగితాల మీద బతికి ఉన్నయి. దళితులకు ఆ వేరే కాగితం లేదు. వాళ్ల ఉమ్మడి హక్కుకు రికార్డులో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం ‘వగైరా’. రాసేవాడు మరుసటేడు పహాణీ తిరగరాసేటప్పుడు ఆ మాట విడిచిపెడితే అడిగేవాడు లేడు.

మార్పిడి నమోదు హక్కును పుట్టించదు, హక్కును చంపదు, అది శిస్తు వసూలుకు సంబంధించిన ఏర్పాటు మాత్రమే అని సుప్రీంకోర్టు 1996లో సావర్ణి, ఇందర్ కౌర్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఆ తర్వాత కూడా పలుమార్లు చెప్పింది. చట్టం మాట అది. ఊళ్లో మాట వేరు. బ్యాంకు అప్పు, విత్తనాల సబ్సిడీ, పంట నష్టపరిహారం, భూసేకరణ డబ్బు, అన్నీ రికార్డులో ఉన్న పేరునే అడుగుతయి. పేరు లేనివాడు కోర్టుకు పోయి హక్కు నిరూపించుకోవచ్చు. కానీ కూలికి పోతే తప్ప పొయ్యి వెలగని ఇల్లు సివిల్ కోర్టు మెట్లెక్కి పదేండ్లు నిలబడగలదా? అందుకని హక్కు కాని ఆ నమోదే దళితుడి విషయంలో హక్కంత పని చేసింది.

2. చావు కబురు ఎవరికి చెప్పాలె?

నిజాం ఇలాకాలో మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ వంశపారంపర్య ఉద్యోగాలు. ఆంధ్ర ప్రాంతంలో మునసబు, కరణం అట్లాంటివే. పట్టాదారు చచ్చిపోతే వారసులు ఆ సంగతి పట్వారీకి చెప్పాలె. అతను దర్యాప్తు చేసి వారసుల పేర్లు రాసి పైకి పంపాలె. జమాబందీలో తహసీల్దారు దాన్ని మంజూరు చేయాలె. అప్పుడు ఫైసల్ పట్టీలో మార్పు ఎక్కాలె. కాగితం మీద ఇది చక్కని పద్ధతి. కానీ వాడలోంచి వచ్చిన మనిషి పట్వారీ ఇంటి అరుగు దగ్గర, వాకిట్లో చేతులు కట్టుకొని నిలబడి చెప్పుకోవాలె. మామూలు ఇవ్వాలె. మామూలు ఇచ్చినా ఏం రాసిండో చదువుకోలేడు.

పట్వారీ ఒక్క అక్షరం తప్పు రాయనక్కర లేదు. ఊరికే ఉంటే చాలు. విరాసత్ చేయకుండా వదిలేస్తే భూమి చచ్చిపోయినవాడి పేరు మీద ఉంటది. వారసులకు అప్పు పుట్టదు. అవసరానికి దొర దగ్గరికే పోవాలె. దొర పైసలిచ్చి భూమిని ‘అనుభవం’లో పెట్టుకుంటడు. నాలుగేండ్ల తర్వాత పహాణీలో అనుభవదారు గడిలో దొర పేరు ఎక్కుతది. పట్టాదారు గడిలో చచ్చిపోయినవాడి పేరు అట్లనే ఉంటది. ఇంకొన్ని ఏండ్లకు ఆ పేరూ పోతది. ఇది దౌర్జన్యం కింద లెక్కకు రాదు. అమ్మకం కింద రాదు. ఏ కమిటీ లెక్కలోనూ పడదు.

ఇంకో సంగతి పేర్లది. పాత సేత్వార్లు, 1954-55 ఖాస్రా పహాణీలు, అడంగళ్లు తిరగేస్తే మన పెద్దల పేర్లు ఎట్లా రాసిండ్రో కనబడుతుంది. ముందు కులం, తర్వాత పేరు, చివర ‘గాడు’. ఎల్లయ్య అని ఇంట్లో పిలిచిన మనిషి రికార్డులో ‘మాదిగ ఎల్లిగాడు’. ముత్తయ్య ‘మాల ముత్తిగాడు’. అదే పేజీలో పై వరుసలో రెడ్డి, రావు అనే తోకలు భద్రంగా ఉంటయి. ఆడమనిషి అయితే ‘ఎల్లి’, ‘పోచి’. ఇంటిపేరు లేదు, తండ్రి పేరు చాలాసార్లు లేదు.

ఈ అవమానం గతంలో కలిసిపోలేదు. అది ఇప్పటికీ పని చేస్తున్నది. మనుమడు ఆధార్ కార్డు పట్టుకొని పోతే దాంట్లో తాత ఇంటిపేరుతో సహా ఎల్లయ్య. రికార్డులో మాదిగ ఎల్లిగాడు. ఇద్దరూ ఒక్కరేనని నిరూపించమంటరు. అఫిడవిట్ తెమ్మంటరు, పంచనామా తెమ్మంటరు, ఇద్దరు పెద్దమనుషుల సాక్ష్యం తెమ్మంటరు. క్రైస్తవం పుచ్చుకున్న కుటుంబాల్లో చిక్కు ఇంకా ఎక్కువ. రికార్డులో పాత పేరు, చర్చి రిజిస్టరులో బాప్తిస్మం పేరు, రేషన్ కార్డులో మూడో పేరు. పైగా వారసత్వ చట్టమే మారిపోతుంది. హిందువులకు 1956 చట్టం వర్తిస్తే, క్రైస్తవులకు 1925 భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం పిల్లలున్న విధవకు మూడో వంతు, పిల్లలకు మిగతా రెండు వంతులు. కుల ధృవీకరణలో హిందువుగా ఉండి ఇంట్లో క్రైస్తవంగా బతికే లక్షలమంది తమ తండ్రి వారసత్వం ఏ చట్టం కింద వస్తుందో చెప్పబోతే కులం సర్టిఫికెట్టుకు ఎసరు వస్తుందేమోనని నోరు మూసుకోవాల్సిన స్థితి ఉంది.

3. చాకిరి అందరిదీ, పేరు ఒక్కరిదీ

దళితుల చేతుల్లో అంతో ఇంతో భూమి ఉందంటే పాతకాలంలో అది ఊరి చాకిరికి ఇచ్చిన ఇనాం భూమి. తెలంగాణలో సేతసింధి, నీరడి, బలూత ఇనాములు, ఆంధ్రలో వెట్టి మాన్యాలు అట్లాంటివి. ఆ చాకిరిని ఇండ్లన్నీ వంతులవారీగా చేసినయి. భూమిని కూడా వంతులవారీగానో, తలా ఒక చెక్కగానో దున్నుకున్నరు. రికార్డు మాత్రం ఆ రోజు చాకిరి రిజిస్టరులో ఎవరి పేరుందో వాళ్లనే ఇనాందారుగా రాసింది.

ఇది మన దగ్గరే కాదు. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో భాగంగా ఉన్న మరాఠ్వాడాలోనూ, పక్కన బొంబాయి రాష్ట్రంలోనూ మహార్ వతన్ భూముల కథ ఇదే. కొద్దిపాటి భూమి పేరు చెప్పి కులం మొత్తాన్ని తరతరాలు ఊరి చాకిరికి కట్టిపడేసే ఈ ఏర్పాటును మార్చాలని డాక్టర్ అంబేద్కర్ 1928లో బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టిండు. 1874 నాటి వంశపారంపర్య ఉద్యోగాల చట్టాన్ని సవరించడం దాని లక్ష్యం. చాకిరి, భూమి, వారసత్వం మూడూ ఒకే ముడిలో ఉన్నయని ఆయన గుర్తించిండు. కొడుకుకు భూమి రావాలంటే తండ్రి చాకిరి కూడా రావాలె. ఇది ఆస్తి వారసత్వం కాదు, బానిసత్వపు వారసత్వం.

తెలంగాణలో 1955 ఇనాముల రద్దు చట్టం వచ్చినప్పుడు మొదట్లో సేతసింధి, నీరడి, బలూత ఇనాములను దాని పరిధి బయట పెట్టిండ్రు. ఊరికి ఉపయోగపడే చాకిరి కదా అని కారణం. అంటే పెద్ద ఇనాందారుల భూములకు హక్కు పత్రాలిచ్చే దారి తెరిచిన చట్టం చాకిరి కులాలను గడప అవతలే నిలబెట్టింది. తర్వాత కాలంలో హక్కు తేల్చే ప్రశ్న వచ్చినప్పుడు రిజిస్టరులో ఉన్న ఒక్క పేరు బతికింది. ఆ పేరుతో పాటు చాకిరి చేసిన మిగతా ఇండ్లు దాయాదుల తగాదాలో ప్రతివాదులయినయి. పైవాడు రాసిన ఒంటి పేరు కింది ఇండ్ల మధ్య కొట్లాటగా మారింది. వాడలో భూమి తగాదాలను ‘వాళ్లలో వాళ్లకు పడదు’ అని తేలిగ్గా తీసేసే పండితులు ఈ ఒంటి పేరు చరిత్రను చూడాలె.

4. ఉమ్మడి అంటే ఏంది?

ఇక్కడ చట్టం ఒకటి చెప్తది, ఊరు ఒకటి చేస్తది. 1956 హిందూ వారసత్వ చట్టం 19వ సెక్షను ప్రకారం ఒకరికంటే ఎక్కువమంది వారసులకు ఆస్తి కలిసి వస్తే, అది ఎవరి వాటా వాళ్లదిగా ఉండే ఉమ్మడి. ఒకరు చచ్చిపోతే వాళ్ల వాటా బతికున్న తోటి హక్కుదారుకు పోదు, చచ్చిపోయినవాళ్ల సొంత వారసులకు పోతుంది. ఊళ్లో అనుకునేదీ రికార్డులో జరిగేదీ దీనికి తలకిందులు. బతికున్న పేరు చచ్చిన పేరును మింగేస్తుంది.

లెక్క వేసి చూద్దాం. ఒక ఎల్లయ్యకు 4 ఎకరాల పట్టా ఉన్నదనుకుందాం. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ. ఎల్లయ్య వీలునామా లేకుండా పోతే చట్టం ప్రకారం నలుగురికీ తలా ఒక ఎకరం. విరాసత్ మాత్రం పెద్ద కొడుకు పేరు మీద జరుగుతది, పక్కన ‘వగైరా’ ఉంటే ఉంటది, లేకుంటే లేదు. కొన్నేండ్లకు చిన్న కొడుకు చచ్చిపోతడు. అతనికి భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నరు, తల్లి ఇంకా బతికే ఉన్నది. అతని ఎకరంలో ఈ నలుగురికీ తలా 10 గుంటలు. అంటే ఇప్పుడు ముసలమ్మకు 1 ఎకరం 10 గుంటలు, చిన్నకొడుకు విధవకూ పిల్లలకూ కలిపి 30 గుంటలు, బిడ్డకు ఎకరం, పెద్దకొడుకుకు ఎకరం. రికార్డులో పెద్దకొడుకుకు 4 ఎకరాలు. అతను పోయిన రోజు అతని పిల్లల పేరు మీదికి 4 ఎకరాలూ నడిచిపోతయి. చిన్నకొడుకు విధవ ఎప్పుడూ ఆ కాగితంలో లేదు కాబట్టి ఆమెకు అన్యాయం జరిగినట్టు కూడా కాగితం చెప్పదు.

పెద్దకొడుకు దుర్మార్గుడని మేము అనడం లేదు. చాలాసార్లు అతను తమ్ముడి పిల్లలను తన పిల్లలతో పాటే పెంచి ఉంటడు. నోటి మాట మీద ఎవరి చెక్క వాళ్లే దున్నుకొని ఉంటరు. నోటి మాట ఒక తరం నిలుస్తది. భూమికి రోడ్డు వచ్చి, ధర వచ్చి, కొనేవాడు వచ్చినప్పుడు కాగితం మాత్రమే నిలుస్తది. అన్నదమ్ముల మధ్య మంచితనాన్ని కూడా ఆ ఒక్క పేరు తగాదాగా మారుస్తది.

5. విధవ, బిడ్డ, జోగిని సంతానం

పట్టా మార్పిడి చరిత్రలో అందరికంటే ఎక్కువగా కనుమరుగైనది దళిత స్త్రీ. ఇందులో ఊరి మగవాళ్ల పాత్ర ఉంది, దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ చట్టం పాత్ర ఎంతో ముందు చెప్పాలె.

మన కులాల్లో మారుమనువు ఎప్పటినుంచో ఉన్న ఆచారం. విధవకు బతుకంతా ముసుగు వేసే ఆచారం పైకులాలది. అయినా 1856 విధవా పునర్వివాహ చట్టం మళ్లీ పెళ్లి చేసుకున్న విధవ మొదటి భర్త ఆస్తి మీద హక్కు కోల్పోతుందన్నది. ఈ నిబంధన మారుమనువు ఆచారంగా ఉన్న కులాలకు కూడా వర్తిస్తుందని మద్రాసు, బొంబాయి, కలకత్తా హైకోర్టులు తీర్పు చెప్పినయి. అలహాబాదు హైకోర్టు ఒక్కటి వేరుగా చెప్పింది. అంటే అగ్రకుల సంస్కరణ కోసం వచ్చిన చట్టం కిందికులాల ఆడవాళ్లకు ఉన్న స్వేచ్ఛ మీద శిస్తు వేసింది. 1937లో హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టం వచ్చింది. అది రాష్ట్రాలలోని వ్యవసాయ భూమికి వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు తేల్చింది. దళితుడికి ఉన్న ఆస్తి ఏమన్నా ఉంటే అది వ్యవసాయ భూమే కదా!

తెలంగాణలో 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారు హక్కును వారసత్వ హక్కుగా గుర్తించింది. అది పోరాటాల ఫలితం, గొప్ప విషయం. కానీ ఆ చట్టం 40వ సెక్షను వారసులెవరో చెప్తూ ముందు ‘చట్టబద్ధ’ సంతానాన్ని పెట్టింది. అటువంటి సంతానం లేకపోతేనే విధవ, అదీ మళ్లీ పెళ్లి చేసుకోనంత కాలం. 1956 వారసత్వ చట్టం కౌలు హక్కుల వారసత్వాన్ని తాకకుండా 4(2) సెక్షనులో మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపును తీసేసింది 2005 సవరణ. దాదాపు అర్ధశతాబ్దం ఈ తాళం అట్లనే ఉన్నది. హిందూ కోడ్ బిల్లు ఆగిపోయినందుకు 1951 సెప్టెంబరులో మంత్రి పదవికి రాజీనామా చేసిన అంబేద్కర్ దేనికోసం పట్టుబట్టిండో ఈ ఒక్క సెక్షను చదివితే అర్థమవుతుంది.

ఉమ్మడి ఆస్తిలో ఆడబిడ్డకు పుట్టుకతో వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణతో వచ్చింది, దేశమంతటా 2005 సెప్టెంబరు 9 నుంచి వచ్చింది. తండ్రి ఆ తేదీకి బతికుండాల్సిన పని లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో చెప్పింది. కాగితం మీద ఇన్ని మార్పులొచ్చినా విరాసత్ సమయంలో బిడ్డల చేత ‘మాకు అభ్యంతరం లేదు’ అని వేలిముద్ర వేయించుకోవడం మామూలు పనిగానే సాగుతున్నది.

జోగినుల పిల్లల సంగతి వేరే చెప్పాలె. జోగినిగా చేసే దురాచారాన్ని 1988లో చట్టం నిషేధించింది. కానీ ఆ పిల్లలు వారసత్వానికి పోతే దరఖాస్తులో ‘తండ్రి పేరు’ గడి అడ్డం వస్తది. తండ్రి ఆస్తిలో వాటా అడిగే ధైర్యం ఊరు ఇవ్వదు. తల్లి భూమి మీద వాళ్లకు పూర్తి హక్కు ఉంది. పెళ్లి జరగకున్నా పిల్లలు తల్లికి వారసులేనని 1956 చట్టమే చెప్తుంది. చట్టం ఒప్పుకున్నదాన్ని ఒక దరఖాస్తు ఫారం ఒప్పుకోవడం లేదు.

6. అమ్మరాదు, వారసత్వం ఉంది

నిజాం కాలం చివర, ఆ తర్వాత 1950 లావణి రూల్సు కింద, ఆంధ్రలో 15వ స్టాండింగ్ ఆర్డరు కింద దళితులకు సర్కారు భూముల పట్టాలు వచ్చినయి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లి దళితులు భూమి అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నడు, భూదానం అక్కడ మొదలయింది. 1977లో అసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. దాని సారం ఒక్క వాక్యం: ఈ భూమి వారసులకు వస్తుంది, కానీ అమ్మరాదు.

ఆ చట్టం అమ్మకాన్ని ఆపే సగం మీద అందరి దృష్టీ పడింది. వారసత్వం అనే సగాన్ని ఆఫీసులు పట్టించుకోలేదు. అసైన్డు అనగానే ‘ఇది సర్కారుది, దీనికి విరాసత్ ఏంది’ అనే ధోరణి ఆఫీసుల్లో పాతుకుపోయింది. ఫలితం విచిత్రం. అసలు పట్టాదారు మనుమడు తన సొంత భూమిలో రికార్డు ప్రకారం మూడో మనిషి అయిండు. తనిఖీకి వచ్చిన అధికారికి అతను ఆక్రమణదారుగా కనబడిండు. పేదవాడి భూమిని పేదవాడికి నిలబెట్టడానికి వచ్చిన చట్టం కిందనే పేదవాడి వారసుడికి నోటీసు వచ్చే పరిస్థితి అది.

కోనేరు రంగారావు కమిటీ 2006లో ఇచ్చిన నివేదికలో 104 సిఫారసులు చేసింది. పేదల చేతికి వచ్చిన భూమి కాగితంలో ఒక చోట, అనుభవంలో ఒక చోట ఉండడం దాని ముందున్న పెద్ద ప్రశ్నలలో ఒకటి. ఆంధ్రప్రదేశ్ 2023లో 20 ఏండ్లు దాటిన అసైన్డు భూములకు పూర్తి హక్కులిచ్చే సవరణ చేసింది. ఇక్కడ మేము అడిగేది ఒక్కటే. ఆ హక్కు ఎవరికి వచ్చింది? అసలు పట్టాదారు పోయిన ఇండ్లల్లో వారసుల పేర్లు ముందు ఎక్కకుండా అమ్మే స్వేచ్ఛ ముందు వస్తే, పేరు ఎక్కిన ఒక్క వారసుడు అందరి భూమినీ అమ్మగలడు.

7. దఫ్తరు నుంచి తెర దాకా

1971లో హక్కుల రికార్డు, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం వచ్చింది. వారసత్వంగా హక్కు వచ్చినవాళ్లు 90 రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయాలన్నది. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ, కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. దళితుల వైపు నుంచి చూస్తే అది పెద్ద మార్పే. వంశపారంపర్య కలం విరిగింది. కానీ చాలా ఊళ్లల్లో పాత దఫ్తరాలు పాత ఇండ్లల్లోనే ఉండిపోయినయి. కొత్త ఉద్యోగి కూడా నకలు కోసం పాత పట్వారీ ఇంటికే పోయిన సందర్భాలు అందరికీ తెలుసు.

తెలంగాణలో 2017లో భూరికార్డుల ప్రక్షాళన జరిగింది. చిక్కున్న భూములను ‘పార్ట్-బి’లో పెట్టిండ్రు. 2020లో వీఆర్వో వ్యవస్థను రద్దు చేసి, కొత్త చట్టం తెచ్చి, అక్టోబరు 29న ధరణి ప్రారంభించిండ్రు. ఆ చట్టం కింద విరాసత్‌కు వారసులందరి ఉమ్మడి ఒప్పందం కావాలె. ఒక్కరు సంతకం పెట్టకపోతే సివిల్ కోర్టే గతి. ఒక్కరిని దాచిపెట్టి మిగతావాళ్లు సంతకం పెడితే ఊళ్లో అడిగి తెలుసుకునే మనిషి లేడు. పహాణీలో ఏండ్లుగా ఉన్న అనుభవదారు గడి తెర మీద లేదు. దళితుడి స్వాధీనానికి ఉన్న పాత సాక్ష్యం అది. 2025 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి నాడు, భూభారతి చట్టం అమలులోకి వచ్చింది. మార్పిడికి ముందు నోటీసు, దర్యాప్తు తిరిగి వచ్చినయి. ఆర్డీవో, కలెక్టరు దగ్గర అప్పీలు తిరిగి వచ్చింది. అదే ఏడు ఊళ్లకు గ్రామ పాలన అధికారులు వచ్చిండ్రు. మంచిదే. నోటీసు ఎవరి ఇంటికి పోతుంది, ఏ భాషలో చదివి వినిపిస్తరు అన్నదాని మీద దాని ఫలితం ఉంటది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో రీసర్వే మొదలయింది. చాలా ఊళ్లల్లో పలువురి చెక్కలను కలిపి ఒకే నంబరు కింద ఉమ్మడి ల్యాండ్ పార్సిల్ మ్యాపులు తయారయినయి. వాటిని విడదీసుకోవడానికి రైతులు ఆఫీసుల చుట్టూ తిరిగిండ్రు. పాత దఫ్తరులోని ‘వగైరా’ కంప్యూటరులో కొత్త పేరుతో పుట్టింది.

ఇప్పుడు ఈ పేరు ఎందుకంత ముఖ్యమో చెప్తాం. తెలంగాణలో 2018 ఆగస్టు నుంచి రైతు బీమా ఉంది. 18 నుంచి 59 ఏండ్ల మధ్య పట్టాదారు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు. ఎల్లయ్య మనుమడు 40 ఏండ్ల వయసులో అప్పులపాలై చచ్చిపోయిండనుకుందాం. భూమి తాత పేరు మీదనే ఉంది. అతనికి పాసుపుస్తకం లేదు, బీమా లేదు. రైతుగా బతికిన మనిషి కూలీగా చచ్చిపోయినట్టు లెక్క. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్‌కు 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి పేరు మీద ఉండాలన్నరు, ఆ తర్వాతి మార్పుల్లో చావు వల్ల వచ్చిన వారసత్వాన్ని మాత్రం ఒప్పుకున్నరు. ఆ ఒప్పుకోలు కూడా విరాసత్ జరిగినవాళ్లకే పనికొస్తుంది. చావును కూడా నమోదు చేయాలె. 1969 చట్టం ప్రకారం 21 రోజుల్లో చెప్పాలె, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలె. బొంబాయికో భీవండికో వలసపోయి అక్కడ చచ్చిపోయిన మనిషి మరణ ధృవీకరణ కోసం ఇక్కడి విధవ ఎక్కడికి పోవాలె?

8. చేయాల్సిన పని

పరిశోధకులుగా మన ముందున్న పని ఒకటుంది. ఒక ఊరు తీసుకోండి. 1954-55 ఖాస్రా పహాణీలో ఉన్న ప్రతి దళిత పేరునూ రాసుకోండి, ‘గాడు’తో సహా. పదేండ్లకొక పహాణీ తీసి ఆ పేరు ఎప్పుడు మారింది, ఎవరికి మారింది, ఏ కాగితం ఆధారంగా మారింది, ఎప్పుడు మాయమయింది చూడండి. ఆ జాబితా పట్టుకొని వాడకు పోయి ముసలివాళ్లను అడగండి. రికార్డు ఒక వరుస చెప్తది, వాళ్ల నోటి వంశావళి ఇంకో వరుస చెప్తది. రెండింటి మధ్య ఉన్న తేడానే దళితుల భూమి చరిత్ర. అది ఏ గెజెటీరులోనూ దొరకదు. ఆ ముసలివాళ్లు పోతే ఎక్కడా దొరకదు.

ఉద్యమంగా అడగాల్సినవి కూడా స్పష్టంగానే ఉన్నయి. విరాసత్ నమోదుకు అధికారులు వాడకు రావాలె, గ్రామసభలో వారసుల పేర్లు పైకి చదవాలె. ‘వగైరా’ ఉన్న ప్రతి ఖాతాలోనూ దాని కింద ఉన్న పేర్లు వాటాలతో సహా రాయాలె. విధవ పేరు, బిడ్డల పేర్లు లేకుండా ఏ మార్పిడీ జరగొద్దు. హక్కు వదులుకుంటామని రాసిచ్చే కాగితం విరాసత్ రోజు అదే బల్ల మీద తీసుకోవడం ఆపాలె. ఎల్లిగాడు, ఎల్లయ్య ఒక్కరేనని గ్రామసభ చెప్తే చాలు, ఆ అవమానాన్ని రాసింది సర్కారే కాబట్టి నిరూపించే భారం కూడా సర్కారే మోయాలె. తల్లి పేరు ఒక్కటే చెప్పగలిగిన వారసుడి దరఖాస్తు వెనక్కి పంపొద్దు. 1977 చట్టంలో ఉన్న వారసత్వమనే సగాన్ని అమలు చేయాలె.

భూమి కోసం కొట్లాడిన తరం పట్టా సాధించి పోయింది. వాళ్ల పేర్లు ఇప్పటికీ ఆ కాగితాల మీద ఉన్నయి. వాళ్ల కింద వాళ్ల పిల్లల పేర్లు, అందరివీ, ఆడవాళ్లవీ మగవాళ్లవీ, వాటాలతో సహా రాయించేదాకా ఆ కొట్లాట పూర్తి కాలేదు.